గారెలో చిల్లు

ఆ ఏడాది కళాశాల విద్యాశాఖకు తావో పట్టింది.

ఎలా పట్టిందో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. అప్పటికి రెండేళ్ళుగా కాలం బాగోలేదు. కాలేజీలు కలిపేస్తారని ఒకరు, మూసేస్తారని ఒకరు, ఎవరికో అప్పగించేస్తారని ఇంకొకరు చెప్పుకుంటున్నారు. సిబ్బంది మనసులు గట్టిపడాలని పైవాళ్ళకు తోచింది. కానీ యోగా అప్పటికే వేరే శాఖ చేతిలో ఉంది. ధ్యానాన్ని ఇంకో శాఖ పట్టుకుపోయింది. నవ్వుల క్లబ్బులు పార్కులతో పాటు మునిసిపాలిటీ కిందకు వెళ్ళిపోయాయి. ఎవరూ తీసుకోని జ్ఞానం ఏదైనా మిగిలిందా అని వెతగ్గా వెతగ్గా, చైనావాళ్ళ తావో ఒక్కటే ఖాళీగా కనబడింది.

సర్క్యులర్ వచ్చింది.

"అనిశ్చిత కాలమున సిబ్బందిలో స్థితిస్థాపకత పెంపొందించు నిమిత్తము తావో జ్ఞానమును తక్షణమే అమలు పరచవలెను. నీటి వలె ప్రవహించుట, వెదురు వలె వంగుట, ఏమియు చేయకుండుట అను అంశములపై నెలవారీ ప్రగతి నివేదికలు పంపవలెను. ఏమియు చేయకుండుటలో అలసత్వము వహించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

డెల్టాలోని ఒక చిన్న ఊరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాల్ డాక్టర్ వేమవరపు భానుమూర్తి ఆ సర్క్యులర్‌ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు. ఏమీ చేయకుండా ఉండడం తన కాలేజీకి కష్టమైన పనేమీ కాదు. ఏమీ చేయలేదని పైకి రుజువు చేయడమే కష్టం. ఆయన సైకాలజీ లెక్చరర్ని పిలిపించాడు.

"రాజుగారూ, స్థితిస్థాపకత అంటే ఏంటండీ? ఫిజిక్స్ ఆయన్ని అడిగితే రబ్బరు బ్యాండు పాఠంలోది అంటున్నాడు."

"కింద పడ్డా మళ్ళీ లేచే గుణం అండి. మనసుకి."

"మనసు మీ సబ్జెక్టు కదా. అయితే మన కాలేజీకి తావో కోఆర్డినేటర్ మీరే."

సువర్ణరాజు తలూపాడు. తలూపడం అతనికి బాగా అలవాటు. అతను కాంట్రాక్టు లెక్చరర్.

అతని ఉద్యోగానికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రతి ఏడాదీ ఏప్రిల్ ముప్పయ్యో తారీఖు సాయంత్రం అది పోతుంది. మే రెండో తారీఖు ఉదయం మళ్ళీ వస్తుంది. మధ్యలో విరామం లేకుండా వరసగా ఒక ఏడాది నిండా పనిచేసిన కాంట్రాక్టు లెక్చరర్ని పర్మనెంటు చేయాలని ఏదో మంచి రోజుల్లో పెట్టిన రూలు ఒకటుంది. ఆ రూలును శాఖ తీసేయలేదు, గౌరవించింది. గౌరవిస్తూనే దాని కింద ఎవరూ పడకుండా ఏటా ఒక్కరోజు గొయ్యి తవ్వి ఉంచింది. దాన్ని బ్రేకు అంటారు. ఆ ఒక్కరోజూ మేడే. దేశమంతా కార్మికులకు దండాలు పెట్టే రోజున సువర్ణరాజు ఏ కార్మికుడూ కాదు. "ఎలాగూ సెలవురోజే కదండీ, ఆ రోజు ఉద్యోగం లేకపోతే మీకేం పోయింది?" అని స్టాఫ్ రూములో అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు.

పోయిందేమిటో అతనికి తెలుసు. భార్య ఎస్తేరు రాణి మన్యంలో ప్రభుత్వాసుపత్రి నర్సు. ఆమె పర్మనెంటు. భార్యాభర్తలిద్దరూ పర్మనెంటయితే ఇద్దరినీ ఒక చోటికి వేయమని అడగవచ్చు. ఒకరు పర్మనెంటు, ఒకరు చిల్లుపడ్డ ఉద్యోగి అయితే అడగడానికి లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి వాళ్ళ కాపురంలో ఎక్కువ భాగం బస్టాండుల్లో జరిగింది. ఆమె బస్సు దిగేటప్పటికి ఇతను నవ్వుతూ ఎదురొచ్చేవాడు. ఇతను బస్సు ఎక్కేటప్పటికి ఆమె నవ్వుతూ చెయ్యి ఊపేది. నవ్వులన్నీ ఫుట్‌బోర్డు దగ్గరే అయిపోయేవి.

ఇదంతా అతను బాధపడకుండా భరించాడని కాదు. బాధను గమనిస్తూ భరించాడు. మనసు చదువుకున్నవాడికి అంటుకునే జబ్బు అది. భయం వేస్తే భయపడకుండా, "ఇదిగో, భయం వచ్చింది, గుండె దగ్గర మొదలైంది" అని లోపల పాఠం చెప్పుకునేవాడు. అది ధైర్యం కాదని కూడా అతనికి తెలుసు. ఇల్లు తగలబడుతుంటే ఎదురింటి అరుగు మీద కూర్చుని పొగ రంగు పరిశీలించడం లాంటిది.

"సార్, ఈసారైనా నా పర్మనెంటు విషయం..." అన్నాడు తలుపు దగ్గర ఆగి.

"తావో మీద దృష్టి పెట్టండి రాజుగారూ. ఏదీ ఆశించనివాడికే అన్నీ వస్తాయని అందులోనే ఉందట," అన్నాడు ప్రిన్సిపాల్.

తరవాతి వారం హెడ్డాఫీసు నుంచి పరీక్ష వచ్చింది. సిబ్బంది స్థితిస్థాపకతను కొలిచే ప్రశ్నలు. మార్కులు తక్కువ వచ్చిన కాలేజీని పక్క ఊరి కాలేజీలో కలిపేస్తారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. సువర్ణరాజు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాడు.

మొదటి ప్రశ్న: రేపు ఏమవుతుందో మీకు తెలియనప్పుడు ఏం చేస్తారు?

"రేపు ఏమవుతుందో నాకెందుకు తెలియదండీ?" అన్నాడు జోగారావు. ఆయన ఎకనామిక్స్ సీనియర్ లెక్చరర్, స్టాఫ్ సంఘం కార్యదర్శి. "రేపు ఒకటో తారీఖు. జీతం పడుతుంది. ఎల్లుండి ఆదివారం. రాసుకోండి."

బోటనీ మేడమ్‌కి తను రిటైరయ్యే తారీఖే కాదు, ఆరోజు ఏ వారమో కూడా తెలుసు. ఏ చీర కట్టుకోవాలో అనుకుని ఉంచుకుంది కూడా. లైబ్రేరియన్ ప్రశ్నను రెండుసార్లు చదివించుకుని, "ఇది మా లైబ్రరీకి వర్తించదు" అన్నాడు.

పర్మనెంటు సిబ్బందిలో ఎవరికీ చెప్పుకోదగ్గ మార్కులు రాలేదు. కోఆర్డినేటర్ కూడా పరీక్ష రాయాలని నిబంధన ఉంది కాబట్టి సువర్ణరాజు తనను తాను కూర్చోబెట్టి అడిగాడు. నిజాలే చెప్పాడు. అతనికి నూటికి నూరు వచ్చాయి.

ప్రిన్సిపాల్ ఫలితాలు చూసి కళ్ళజోడు తీసేశాడు.

"కాలేజీ పోయిందండీ! ఒక్కరికీ పడిలేచే గుణం లేదే!"

"ఎవరూ పడలేదండి," అన్నాడు సువర్ణరాజు. "అనిశ్చితి ఉంటేనే కదండీ తట్టుకునే గుణం వచ్చేది. వీళ్ళకి అది దొరకదు."

ఆ మాట అన్న మరుక్షణం అతనికి అనకుండా ఉండాల్సిందనిపించింది. ప్రిన్సిపాల్ ముఖంలో వెలుగు వచ్చింది.

"దొరకకపోతే సరఫరా చేద్దాం," అన్నాడు ఆయన.

స్టాఫ్ మీటింగు పెట్టారు. అటెండర్ పైడమ్మ టీలు పంచింది. సిబ్బందికి తగినంత అనిశ్చితి కల్పించడానికి కాలేజీ కట్టుబడి ఉందని ప్రిన్సిపాల్ ప్రకటించాడు. జోగారావు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, మా సంఘం ఏనాడూ అనిశ్చితికి వ్యతిరేకం కాదు. కానీ పద్ధతంటూ ఒకటుండాలి. అనిశ్చితి ఎప్పుడొస్తుందో మా సభ్యులకు ముందుగా నోటీసు ఇవ్వాలి."

"న్యాయమే," అన్నాడు ప్రిన్సిపాల్. "మంగళవారాలు మూడు నుంచి నాలుగు వరకు పెట్టుకుందామా?"

"నాకు మంగళవారం మోకాళ్ళ నొప్పండి," అంది బోటనీ మేడమ్. "నా అనిశ్చితి గురువారానికి మార్చండి."

"సెలవురోజున అనిశ్చితి వచ్చిపడితే దానికి బదులు మరో రోజు నిశ్చింత ఇవ్వాలి," అన్నాడు జోగారావు. "అలాగే అనిశ్చితి భత్యం. అది కరువు భత్యంతో పాటు పెరగాలి."

సువర్ణరాజు ఊరుకోలేకపోయాడు. "సార్, ఎప్పుడొస్తుందో తెలిస్తే అది అనిశ్చితి కాదండి."

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. జోగారావు జాలిగా చూశాడు.

"రాజుగారూ, మీరు కాంట్రాక్టు. మీకు ఉచితంగా వస్తోంది. దాని విలువ మీకు తెలియదు."

మంగళవారాల కార్యక్రమం మొదలైంది. మూడింటికి పైడమ్మ గంట కొట్టేది. ప్రిన్సిపాల్ గదిలో స్టీలు డబ్బాలోంచి చీటీలు తీసేవారు. చీటీని బట్టి ఫిజిక్స్ ఆయన ఛందస్సు చెప్పాలి, తెలుగు ఆయన కప్పను కోయాలి, బోటనీ మేడమ్ కుర్చీ లేకుండా నిలబడాలి (గురువారం). మొదటి వారం నిజంగానే కాస్త కలకలం రేగింది. తెలుగు ఆయన కప్పకు క్షమాపణ చెప్పి బయటికి వదిలేశాడు. రెండో వారానికి సిబ్బంది సౌకర్యార్థం చీటీల వివరాలు సోమవారం సాయంత్రమే నోటీసుబోర్డు మీద పెట్టడం మొదలైంది. మూడో వారానికి ఎవరి చీటీ వాళ్ళే ఇంటి దగ్గర రాసి తెచ్చుకోసాగారు.

నీటి వలె ప్రవహించుట అనే అంశం అన్నిటికన్నా బాగా అమలైంది. మూడున్నరకల్లా అందరూ గేటు వైపు ప్రవహించేవారు. వెదురు వలె వంగుటలో మాత్రం ప్రమాదం జరిగింది. జోగారావు వంగి, మళ్ళీ లేవలేకపోయాడు. విధినిర్వహణలో వంగినందుకు ప్రత్యేక సెలవు ఇప్పించాలని సంఘం తరఫున తనే తీర్మానం చేసి, తనే బలపరిచాడు. పడుకునే.

ఈ నివేదికలన్నీ సువర్ణరాజే రాసి పంపేవాడు. అతనికి మొదట నవ్వొచ్చేది. పోనుపోనూ ఒక సంగతి కనిపెట్టాడు. మంగళవారం మూడింటికి గంట మోగగానే స్టాఫ్ రూములో అందరి ముఖాల్లోనూ పిల్లలు దయ్యాల ఆట ఆడేటప్పటి మెరుపు వచ్చేది. దయ్యం లేదని తెలిసినవాళ్ళకే ఆ ఆట బాగుంటుంది.

మార్చి చివర్లో రీజనల్ జాయింట్ డైరెక్టర్ డాక్టర్ హైమవతి తనిఖీకి వచ్చింది. రాజధానిలో తావో శిక్షణ పొంది వచ్చిన ఆవిడ. ఒకప్పుడు ఆవిడ గొంతు వింటే పైడమ్మ చేతిలో గ్లాసులు వణికేవట. ఇప్పుడు ఎంతో మెల్లగా మాట్లాడుతోంది, ఏం చెబుతోందో వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది. వంగుతున్నారని ఆవిడ సంతోషించింది.

ప్రిన్సిపాల్ గదిలో గారెలు, అల్లం పచ్చడి పెట్టారు. ఆవిడ మార్కులు చూస్తూ ఒక దగ్గర ఆగింది.

"నూటికి నూరా? రాష్ట్రంలో ఇంకెవరికీ రాలేదే! ఎవరీ సువర్ణరాజు?"

అతన్ని ముందుకు నెట్టారు.

"మీ సాధన ఏమిటి? ధ్యానమా? ఉపవాసమా?"

"బ్రేకు అండి," అన్నాడు సువర్ణరాజు.

చెప్పాడు. ఏప్రిల్ ముప్పై, మే రెండు, మధ్యలో గొయ్యి. ఇదే అదనుగా, ఆ గొయ్యి పూడ్చి తనను పర్మనెంటు చేయిస్తే భార్య ఉన్న చోటికి బదిలీ అడుక్కుంటానని కూడా చెప్పాడు. ఆవిడ కళ్ళు మెరిశాయి. ప్లేటులోంచి ఒక గారె తీసి, కంటికి ఎదురుగా పెట్టుకుని, దాని చిల్లులోంచి సువర్ణరాజును చూసింది.

"గారెకు ఈ చిల్లు ఎందుకు భానుమూర్తిగారూ?"

ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. "ఉత్తర్వులు ఎలా ఉంటే అలాగండి."

"చిల్లు లేకపోతే మధ్యలో పిండి పచ్చిగా మిగిలిపోతుంది. ఆ శూన్యం వల్లే గారె నిండుగా వేగుతుంది. మన శాఖ ఇన్నేళ్ళుగా ఈ మనిషి సర్వీసులో ఏటా ఒక చిల్లు పెడుతూ వచ్చింది. మనకు తెలియకుండానే మనం తావోను ఆచరించాం. అందుకే ఇతను ఇంత బాగా వేగాడు!"

"బాగా వేగారండి," అన్నాడు ప్రిన్సిపాల్.

"మరి నా పర్మనెంటు, మేడమ్?"

ఆవిడ అతని వైపు ఎంతో ప్రేమగా చూసింది. "మీకు ఉద్యోగ భద్రత కల్పిస్తే మీలో తావో పోతుంది నాయనా. ఆ పాపం ఈ శాఖ మూటగట్టుకోదు. మీరు ఇలాగే ఉండాలి. శాశ్వతంగా తాత్కాలికంగా ఉండాలి. మేడే నాడు ఇక్కడ శూన్య దినోత్సవం జరుపుదాం. కమిషనర్ గారిని తీసుకొస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్య ఒక్క క్షణం సువర్ణరాజుకి గర్వం వేసింది. నిజంగా వేసింది. తన దురదృష్టం ఇంత అందంగా ఉంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఆ గర్వాన్ని గుర్తుపట్టాక అతనికి మొదటిసారిగా, గమనించడానికి కూడా తీరిక ఇవ్వకుండా, భయం వేసింది. ఇంకొంతకాలం పోతే ఈ గొయ్యినే ఇల్లనుకుంటాడేమో తను.

సాయంత్రం ఎస్తేరు రాణికి ఫోన్ చేశాడు. ఆమె డ్యూటీ దిగి క్వార్టర్సుకి నడుస్తోంది. అంతా వింది. గారె దగ్గరకొచ్చేసరికి పకపకా నవ్వింది.

"ఏం మాస్టారూ, ఆ మేడమ్ ఎప్పుడూ బూరెలు తినలేదా? బూరెకి చిల్లుంటుందా? అది వేగట్లేదా? పైగా లోపల తీపి కూడా ఉంటుంది."

"ఆ మాట నాకు తోచలేదు రాణీ."

"మీకు తోచదు. మిమ్మల్ని ఎవరైనా తిట్టినా, ఎందుకు తిట్టాడో వాడి చిన్నతనంలోకి వెళ్ళి ఆలోచిస్తారు మీరు." కాసేపు ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. "సరే గానీ, ఆ తావోలో నీళ్ళలా ఉండమన్నారు కదా. నీళ్ళు గోడతో దెబ్బలాడతాయా?"

"ఆడవు."

"మరేం చేస్తాయి? చిల్లు కనబడితే దూరిపోతాయి. వాళ్ళే పెట్టారు కదా మీకో చిల్లు. వద్దని ఎందుకు మొత్తుకుంటారు? చూడండి, ఎక్కడైనా దూరడానికి వీలుందేమో."

ఫోన్ పెట్టేశాక అతనికి ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ శాఖ తన మీద అమలు చేసిన జ్ఞానాన్ని తను ఒక్కసారి కూడా వాడుకోలేదు.

మేడే వచ్చింది. కాలేజీ ఆవరణలో షామియానా వేశారు. 'శూన్య దినోత్సవం' అని బ్యానరు కట్టారు. వేదిక మధ్యలో ఒక ఖాళీ కుర్చీకి దండ వేసి, అటూ ఇటూ పెద్దల కుర్చీలు వేశారు. అంతకు ముందు సాయంత్రమే ఆఫీసు సూపరింటెండెంటు అనసూయ ఏటా చేసినట్టే హాజరు మెషిన్‌లోంచి సువర్ణరాజు వేలిముద్ర తీసేసింది. ఉద్యోగి కాకపోయినా పెద్దలకు శూన్యం గురించి వివరించడానికి రమ్మన్నారు కాబట్టి అతను వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

కమిషనర్ కారు దిగాడు. ఈమధ్యనే ఆయన ఇంకో ఉత్తర్వు వేశాడు: సెలవురోజైనా సరే, శాఖ కార్యక్రమాల్లో వేలు పెట్టనివారు వేదిక ఎక్కరాదు. మెషిన్‌ను వేదిక మెట్ల దగ్గరే బల్ల మీద పెట్టారు. అందరూ వరసగా వేలు పెట్టారు. అది అందరికీ ఆడగొంతుతో "థాంక్యూ" చెప్పింది. కమిషనర్ ఖాళీ కుర్చీకి నమస్కరించి, చుట్టూ చూశాడు.

"బాగుంది. ఇంతకీ శూన్యం ఎక్కడ?"

"కుర్చీలో ఉందండి," అన్నాడు ప్రిన్సిపాల్.

"కుర్చీ కాదయ్యా. మనిషి. నూటికి నూరు తెచ్చుకున్నాడే, ఆ మనిషి. నేను శాలువా ఎవరికి కప్పాలి?"

ప్రిన్సిపాల్ వెనక వరసలోకి పరుగెత్తాడు. సువర్ణరాజు లేచి నిలబడ్డాడు. వేదిక మెట్ల దాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు.

"సార్, నేను ఈరోజు ఉద్యోగిని కానండి," అన్నాడు వినయంగా. "మెషిన్‌లో నా వేలు లేదు."

"లేకపోతే ఎక్కించండి!" అన్నాడు కమిషనర్.

"రేపు కదండీ ఎక్కించేది. అనసూయగారు ఒప్పుకోరేమో."

"అనసూయా! ఎక్కించు!" అని ప్రిన్సిపాల్ కేకేశాడు.

"సార్, రూలు ప్రకారం రేపు ఉదయం..." అంది అనసూయ.

"కమిషనర్ గారు శాలువా పట్టుకుని నిలబడ్డారు కనబడట్లేదా? ఎక్కించు!"

"ఇంకోసారి ఆలోచించండి సార్," అన్నాడు సువర్ణరాజు. "నేను కిందే ఉంటాను. నాకేం ఫర్వాలేదు."

"మీకు ఫర్వాలేదయ్యా, నాకు ఫర్వా ఉంది! ముందు వేలు పెట్టండి!" అన్నాడు ప్రిన్సిపాల్.

ఎక్కడా గట్టిగా అడగలేదు. ఎక్కడా కాదనలేదు. సువర్ణరాజు బొటనవేలు మెషిన్ మీద పెట్టాడు.

"థాంక్యూ," అంది మెషిన్.

ఆ గొంతు అతనికి ఎందుకో ఎస్తేరు రాణి గొంతులా వినిపించింది.

కమిషనర్ అతని భుజాల మీద శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "ఇతను ఈరోజు లేడు. లేకుండానే మన ముందు నిలబడ్డాడు. లేనివాడిని సన్మానించిన మొట్టమొదటి శాఖ మనదే అని గర్వంగా చెబుతున్నాను." చప్పట్లు మోగాయి. హైమవతి కళ్ళు తుడుచుకుంది. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఫొటో పడింది.

నెలాఖరున జీతాల బిల్లు చేస్తూ అనసూయ కెవ్వుమంది. మేడే నాడు సువర్ణరాజు డ్యూటీలో ఉన్నాడని మెషిన్ చెబుతోంది. ఏప్రిల్ ముప్పయ్యిన ఉన్నాడు, మే ఒకటిన ఉన్నాడు, మే రెండున ఉన్నాడు. గొయ్యి లేదు. పాత సర్వీసు కొత్తదానికి అతుక్కుపోయి ఏడాది నిండిపోయింది. పాత రూలు కింద మనిషి పడిపోయాడు.

ప్రిన్సిపాల్ ఆ ఒక్క రోజును తుడిచేయమన్నాడు. మెషిన్ రాజధానిలోని పెద్ద మెషిన్‌కి కలిపి ఉంది, ఇక్కడ తుడిస్తే పోదు. విషయం పైకి పోయింది. హైమవతి సువర్ణరాజును తన ఆఫీసుకి పిలిపించింది. ఈసారి ఆవిడ గొంతు వినడానికి ఎవరూ వంగక్కర్లేదు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా వినిపించింది.

"మే ఒకటో తారీఖున మీరు కాలేజీలో ఉన్నారా, లేరా?"

"మీరు ఎలా అంటే అలా మేడమ్."

"లేనని చెప్పండి."

"లేనండి."

"హమ్మయ్య!"

"కానీ మేడమ్, కమిషనర్ గారు శాలువా ఎవరికి కప్పారని అడిగితే ఏం చెప్పమంటారు? ఎవరికీ కప్పలేదని చెప్పనా? ఫొటోలో ఉన్నది ఎవరో తెలియదని చెప్పనా?"

కమిషనర్ మూడువందల మంది ముందు ఎవరూ లేనిచోట శాలువా కప్పాడని కాగితం మీద పెట్టే అధికారి ఆ శాఖలో ఇంకా పుట్టలేదు. అలాగని, ఉన్న ఉద్యోగికి కప్పాడంటే ఆ ఉద్యోగి ఉన్నట్టే.

"మీరు... మీరు అచ్చం నీళ్ళలా ఉన్నారే!" అంది ఆవిడ చివరికి.

"మీ శిక్షణే మేడమ్."

ఫైలు తిరిగినంత తిరిగి చలికాలంలో పర్మనెంటు ఉత్తర్వు అయి వచ్చింది. దాంతో పాటే అన్ని కాలేజీలకూ ఒక సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట మేడే నాడు హాజరు యంత్రములను విధిగా నిలిపివేయవలెను. శూన్యమునకు వేలు ఉండరాదు.

పర్మనెంటు అయినవాళ్ళు మళ్ళీ పరీక్ష రాయాలి. కోఆర్డినేటర్ కొత్త మనిషి, సువర్ణరాజుకి బదిలీ ఖాయం కాగానే అతని స్థానంలో తీసుకున్న కాంట్రాక్టు లెక్చరర్ హసీనా. ఆమె మొదటి ప్రశ్న చదివింది.

"రేపు ఏమవుతుందో మీకు తెలియనప్పుడు ఏం చేస్తారు సార్?"

"తెలుసమ్మా," అన్నాడు సువర్ణరాజు. "రేపు పొద్దున్న బస్సెక్కుతాను. సాయంత్రానికి దిగుతాను. మళ్ళీ ఎక్కను."

హసీనా సున్నా వేసింది. పెన్ను పక్కన పెట్టి అడిగింది. "సార్, మీకు అప్పట్లో నూటికి నూరు వచ్చాయట కదా. అన్నేళ్ళు ఎలా తట్టుకున్నారు?"

ఆ ప్రశ్నకు సిద్ధంగా ఒక ఉపన్యాసం అతని దగ్గర ఉంది. శాఖ రాయించుకున్నదే. నీళ్ళు, వెదురు, గారె.

"తట్టుకోలేదమ్మా," అన్నాడు. "మార్కులు వచ్చాయి. అంతే. నీకూ నూరు వస్తాయి. వచ్చినప్పుడు మాత్రం గర్వపడకు. ఎక్కడో మనకు ఇంకో చిల్లు పెట్టే ఉంటారు, అది వెతుక్కో. కనబడితే నాకు ఫోన్ చెయ్యి, నాకు కనబడితే నేను చేస్తాను."

మళ్ళీ మేడే వచ్చింది. మన్యంలో ఆసుపత్రి క్వార్టర్సులో సువర్ణరాజు తెల్లవారకుండానే మేలుకుని, పాత అలవాటు కొద్దీ, లేనివాడిలా కదలకుండా పడుకున్నాడు. వంటింట్లోంచి నూనె చిటపటలు వినిపించాయి.

"లేవండి మాస్టారూ, మీరు ఉన్నారు," అంది ఎస్తేరు రాణి ప్లేటు తెచ్చి. "ఇదిగో, మీ గౌరవార్థం, చిల్లు లేని గారె."

అతను కొరికాడు. మధ్యలో పిండి పచ్చిగా ఉంది.

ఆమె అతని ముఖం చూసి, తనూ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అయితే ఆ మేడమ్ చెప్పింది నిజమేనన్నమాట," అంది.

"గారె వరకూ నిజమే," అని అతను ఇంకోటి తీసుకున్నాడు.